మా రేంజిలోకి రాకూడని తుపాకులు

రైఫిల్ క్లబ్బులో రేంజి ఆఫీసరుగా, అంటే కాల్పులు జరిగే చోటును చూసుకునేవాడిగా, పనిచేశానని చెబితే, వినేవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని మెడల్సు కొట్టారు?" అని. ఒక్కటీ లేదు. అరకు లోయలోని మా క్లబ్బులో పదిహేనేళ్ళకు పైగా ఉన్నాను. ఆ పదిహేనేళ్ళూ నేను చూసుకున్న సంగతి ఒక్కటే. ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో ఉన్న తుపాకీని ఇక్కడ కాల్చవచ్చా, కాల్చకూడదా?

ఈ మధ్య ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, తాము ఇలాంటి పనిలో చేరుతున్నామనీ, ఏమైనా చెప్పమనీ అడిగారు. రూల్సు పుస్తకం వాళ్ళ దగ్గర ఉంది. అందులో లేని సంగతులు రాస్తాను. అందులో నా తప్పులు కూడా ఉన్నాయి.

బోర్డు

అంతకుముందు నేను పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ని. మోకాలు దెబ్బతిని ముందుగానే బయటికి వచ్చేశాను. పందొమ్మిది వందల అరవైల చివర్లో మేజరుగారు నన్ను క్లబ్బుకు పిలిచారు. సైన్యంలో పనిచేసి, ఉబ్బసం వల్ల కొండగాలి కోసం అరకు చేరిన మనిషి. క్లబ్బుకు ఆయనే కార్యదర్శి. సభ్యులు పాతికమందికి మించి లేరు. రైల్వే ఇంజనీర్లు, కాఫీ తోటల అధికారులు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు.

కొండ అడుగున మట్టికట్ట పోసి, దాని ముందు టార్గెట్లు నిలబెట్టేవాళ్ళం. గేటు పక్కన బోర్డు ఉండేది. రేంజి మీద పాయింట్ టూటూ రైఫిలు తప్ప వేరేది కాల్చరాదు. లైసెన్సు సభ్యుడి పేరునే ఉండాలి. ఫ్యాక్టరీలో తయారై, పరీక్ష ముద్ర ఉన్న తుపాకీలే అనుమతించబడును. నాటు తుపాకీలు నిషేధం. రేంజి ఆఫీసరు మాటే చివరి మాట.

మొదటి రూలుకు కారణం నాకు బాగా తెలుసు. పాయింట్ టూటూ గుండు చిన్నది, మట్టికట్టలో ఆగిపోతుంది. పెద్ద రైఫిలు గుండు అంత సులువుగా ఆగదు. కట్ట పైభాగంలో రాళ్ళు ఉన్నాయి. వాటికి తగిలి పక్కకు ఎగిరితే కొండ గట్టు దాటి అవతల పడుతుంది. గట్టుకు అవతల శుక్రవారం సంతకు వెళ్ళే కాలిబాట ఉంది.

ఇంత తెలిసీ మొదటి ఏడాదే తప్పు చేశాను.

బుట్టకు రెండు కన్నాలు

కలప కాంట్రాక్టరు సత్యంగారు క్లబ్బుకు పెద్ద దన్ను. టార్గెట్ల చట్రాలకు చెక్క ఆయనే ఇచ్చేవారు. ఒక శుక్రవారం మేజరుగారు విశాఖపట్నం వెళ్ళిన పూట, కొత్తగా కొన్న త్రీ వన్ ఫైవ్ రైఫిలు పట్టుకుని వచ్చారు. అది పెద్ద గుండు కాల్చే రకం.

"ఒక్క రౌండే మాస్టారూ. గురి చూసే సైటు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. మేజరుగారితో నేను చెప్పుకుంటాలెండి," అన్నారు.

కుదరదన్నాను. నవ్వారు. మళ్ళీ కుదరదన్నాను, కానీ మొదటిసారి కన్నా మెత్తగా. ఆ మెత్తదనం ఆయనకు వినబడింది. రైఫిలు భుజానికి ఎత్తారు. నేను అడ్డంగా వెళ్ళి నిలబడవలసింది. నిలబడలేదు. చెవులు మూసుకున్నాను.

గుండు రాయికి తగిలిన చప్పుడు నాకు తెలుసు. ఆ చప్పుడే విన్నాను.

పావుగంట తరువాత ఒక మనిషి కావడితో గేటు దగ్గరికి వచ్చాడు. పొట్టివాడు, గట్టివాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు కిల్లో బుద్రు అనీ, గట్టుకు అవతలి ఊరి రైతనీ తరువాత తెలిసింది. కావడిలో ఒక బుట్ట నిండా వలిసె నూనెగింజలు ఉన్నాయి. ఆ బుట్టకు ఇటూ అటూ రెండు కన్నాలు. రెంటిలోంచీ గింజలు సన్నగా కారుతున్నాయి.

"బాబూ, ఈ గుండు మీదేనా?" అన్నాడు.

సత్యంగారి మొహం తెల్లబోయింది. వెంటనే జేబులో చెయ్యి పెట్టారు.

"గింజల మాట ఒగ్గెయ్ బాబూ," అన్నాడు బుద్రు. "మా ఆడది కాల్లో ముల్లు తీసుకోడానికి ఎనకాల ఆగిపోనాది. నేకపోతే ఈ బుట్ట పక్కనే నడిసొచ్చును."

తరువాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఈడ పెద్దోడివి కదా. ఈ తుపాకీ గుండు ఎంత దూరం పోతాదో నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసీ కొట్టనిచ్చావా?"

 అతను కన్నాలను రెండు ఆకులతో మూసి, కావడి ఎత్తుకుని సంతకు వెళ్ళిపోయాడు.

జరిగింది జరిగినట్టు నా మీద నేనే రిపోర్టు రాసి మేజరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు," అన్నారు.

"ఆ రైతు వచ్చి చెప్పేవాడండీ."

ఆయన కాగితం మడిచి, "అతను చెబితే నేను నమ్మేవాణ్ణి కాదేమో," అన్నారు.

ఆయనలో నాకు నచ్చింది అదే. తన లోపాన్ని పైకి అనగలిగేవారు. సత్యంగారిని ఆరు నెలలు రేంజిలోకి రావద్దన్నారు. నన్ను తీసేయలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని, ఆయాసపడుతూ ఆ కాలిబాట మొత్తం నడిచారు. కట్ట మీది రాళ్ళు ఏరించి, ఇంకో మనిషి ఎత్తు మట్టి పోయించాం. శుక్రవారం కాల్పులు మానేశాం.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చిన్నవాళ్ళు రూలు తప్పమని మనల్ని అడగరు. అడిగేది మనకు మేలు చేసినవాళ్ళే. అందుకే కష్టం.

"నాది తెత్తే కాదా?"

వానలు వెనకబట్టాక బుద్రు మళ్ళీ వచ్చాడు. ఈసారి భుజాన తుపాకీ ఉంది. పందులు, కోతుల నుంచి పంట కాపాడుకోడానికి కొందరు కొండ రైతులకు ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది. అతని తుపాకీ గొట్టంలోంచి మందు దట్టించి కాల్చే రకం. ఊళ్ళో కమ్మరి చేసిందే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది. లైసెన్సు కాగితం మైనపు గుడ్డలో భద్రంగా చుట్టి తెచ్చాడు.

"మీవోల్లు కాగితాల మీద కొడతన్నారు కదా. నానూ కొడతాను," అన్నాడు.

తుపాకీ అందుకుని చూశాను. వేలితో తడిమితే, మందు ఉండే చోటికి జానెడు ముందు గొట్టం కొద్దిగా ఉబ్బి ఉంది. కంటికి కనబడేంత ఉబ్బు కాదు. ఆర్మరర్ వేలికి తెలుస్తుంది. ఇనుము లోపల అలిసిపోయిందన్నమాట.

"ఇది కాల్చడానికి వీల్లేదు. రూలు ఒప్పుకోదు," అన్నాను.

అతను బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆ బాబు పెద్ద తుపాకీ తెత్తే సరే. నాది తెత్తే కాదా?"

తుపాకీ నా చేతుల్లోంచి లాక్కుని వెళ్ళిపోయాడు.

ఇది నా రెండో తప్పు. నేను చెప్పింది సరైన మాటే. కానీ ఉబ్బు గురించి చెప్పలేదు. అతని వేలు పట్టుకుని గొట్టం మీద పెట్టలేదు. 'రూలు' అన్నాను, అంతే. రెండు నిమిషాలు పట్టే పని. ఎందుకు చెయ్యలేదో నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిజం చెప్పాలంటే, కాంట్రాక్టరుకైతే వివరంగా చెప్పేవాణ్ణి. కొండ రైతుకు కారణం చెప్పాలని నాకు తోచనే లేదు.

సామలు గింజ పట్టే రోజులవి. అంటే పందులు దిగే రోజులు. అతను ఆ తుపాకీ తప్పకుండా కాలుస్తాడు.

మూడో దెబ్బ

మూడో రోజు పొద్దున్నే గట్టు ఎక్కి అతని ఊరు వెళ్ళాను. కుంటుకుంటూ వచ్చిన నన్ను చూసి బుద్రు లేవలేదు. అతని భార్య చిలకమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది.

"నీ తుపాకీ ఎందుకు వద్దన్నానో ఆ రోజు చెప్పలేదు. చెప్పడానికి వచ్చాను," అన్నాను. అతని వేలు గొట్టం మీద పెట్టించాను.

"ఇది మా తాత నాటి నుంచీ ఉన్నాది," అన్నాడు.

"నీ చేతుల్లో కాకుండా ఒక్కసారి కాల్చి చూద్దాం. ఏమీ కాకపోతే నేను తప్పని అందరి ముందూ ఒప్పుకుంటాను."

ఊరి బయట కల్లు గీసే జీలుగు చెట్ల దగ్గర, ఒక మొద్దుకు తుపాకీని అడవిలో దొరికే అడ్డతీగతో కట్టాం. మందు తను రోజూ పోసుకునేంతే, తన చేత్తోనే పోయమన్నాను. తుపాకీ మీటకు పొడుగాటి తాడు కట్టి, అందరం బండ వెనక్కి చేరాం. ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు. బుద్రు తాడు లాగాడు.

ఢామ్మని పేలింది. తుపాకీకి ఏమీ కాలేదు. జనం నవ్వారు.

"సూసావా మాస్టారూ!"

"ఇంకొక్కసారి," అన్నాను. రెండోసారీ ఏమీ కాలేదు. ఈసారి నవ్వులు పెద్దవయ్యాయి. బుద్రు తీగ విప్పడానికి వెళ్ళాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

"బుద్రూ, ఇంకొక్కసారి. ఆ తరువాత నీ ఇష్టం. మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

నా మొహంలో ఏం కనిపించిందో, మందు దట్టించాడు. వెనక్కి వచ్చి, విసుగ్గా తాడు లాగాడు.

ఆ చప్పుడు వేరు. పొగ పోయాక చూస్తే గొట్టం అరటిపువ్వులా విచ్చుకుని ఉంది. తునక ఒకటి పక్కనున్న జీలుగు చెట్టులో లోతుగా దిగబడింది. బుద్రు వెళ్ళి ఆ తునక ముందు నిలబడ్డాడు. సరిగ్గా అతని కంటి ఎత్తున ఉంది.

మొదట మాట్లాడింది చిలకమ్మ. "మనిసి బతికేడు. బాగుంది. మరి పందుల్నేటి సేత్తాం? సామలు నువ్వొచ్చి కాత్తావా?"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. 'వద్దు' అని చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె అడిగేదాకా ఆ తరువాతి పని ఉందని నాకు తట్టలేదు. శృంగవరపుకోట నుంచి టపాసులు తెప్పించి ఇచ్చాను, క్లబ్బులోని ఖాళీ డబ్బాలు మోసుకెళ్ళి ఇచ్చాను. ఊరివాళ్ళు వంతులవారీగా మంచెల మీద కూర్చుని వాయించారు. అయినా చేను సగం పోయింది. ఆ ఏడాది వాళ్ళు గంజితో గడిపారు. అతని లైసెన్సు మీద ఫ్యాక్టరీ తుపాకీ కొనుక్కోడానికి అనుమతి వచ్చేసరికి మరో పంట కాలం వచ్చింది. ఆ కాగితాల కథ రాయను, ఎవరికీ పనికిరాదు.

మీటింగు

చిలకమ్మ అడిగిన ఆ ప్రశ్నే నన్ను మేజరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు సంగతులు అడిగాను. నాటు తుపాకీ రేంజి మీద కాల్చకూడదనే రూలు అలాగే ఉండాలి. కానీ లైసెన్సు ఉన్న కొండ రైతులు నెలకో శుక్రవారం తమ తుపాకులు తెస్తే, పరీక్షించి మంచిచెడ్డలు చెప్పే పని క్లబ్బు చెయ్యాలి. రెండోది, సొంత ఫ్యాక్టరీ రైఫిలు లేనివాళ్ళకు సభ్యత్వం లేదనే రూలు తీసెయ్యాలి. క్లబ్బు రైఫిళ్ళు రెండు ఉన్నాయి. రేంజి మీద, నా కళ్ళ ముందు, సభ్యులెవరైనా వాటితో కాల్చుకోవచ్చు.

మీటింగులో గట్టిగానే గొడవైంది. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో నక్సలైటు అలజడులు జరిగి ఎంతో కాలం కాలేదు. కొండమనిషి చేతిలో తుపాకీ అంటేనే పట్నం వాళ్ళకు భయం. ఒక ఇంజనీరు, "రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ?" అన్నారు. సత్యంగారు లేచి, "ఇది క్లబ్బండీ, సంత కాదు," అన్నారు.

మేజరుగారు బయట కూర్చున్న బుద్రును లోపలికి పిలిచారు. అతను పగిలిన గొట్టాన్ని తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. అది ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోతూ సత్యంగారి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"దీన్ని కాల్చేటప్పుడు నీ మొహం ఎక్కడుండేది?"

"ఈడ బాబూ," అని బుద్రు తన చెంపను భుజానికి ఆనించి చూపించాడు.

సత్యంగారు గొట్టాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి కూర్చున్నారు. చేతులెత్తమన్నప్పుడు ఆయన అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. నాలుగు చేతుల తేడాతో తీర్మానం నెగ్గింది. నెల తిరగకముందే తుపాకులు పరీక్షించే షెడ్డు కోసం ఆయన దగ్గర్నుంచి ఒక లారీ కలప వచ్చింది. ఆయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆయన్ని నేను చెడ్డవాడని ఎన్నడూ అనుకోలేదు. ఎప్పుడూ ఎవరూ కాదనని మనిషి, అంతే.

పది గుండ్లు

బుద్రు మొదటిరోజే అందరినీ ఓడించాడని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. చాలా పేలవంగా కాల్చాడు. అతనికి అలవాటు ఇరవై అడుగుల దూరం, ఒకే ఒక్క దెబ్బ. మొదటి గుండు నడిమధ్య నల్లచుక్కలో దిగింది. రైఫిలు దించేసి లేచిపోబోయాడు.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి," అన్నాను.

"ఎందుకూ? సచ్చిన పందిని మల్లీ మల్లీ సంపమంటావేటి?"

మిగతా తొమ్మిదీ విసుగ్గా కాల్చాడు. కాగితమంతా చెల్లాచెదురు. ప్రతి గుండూ మొదటి గుండే అనుకోమని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఈలోగా నేను అతని దగ్గర నేర్చుకున్నది తక్కువ కాదు. గాలి తిరిగే ముందు గడ్డి ఎటు వాలుతుందో, వాన వాసనకు ఎంతసేపట్లో వాన వస్తుందో అతను చెబితే రేంజి మూసేసేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు. మూడో ఏట వార్షిక పోటీలో అతనిది మూడో స్థానం. కప్పు ఇస్తే, ఇందులో ఏం తాగుతారని అడిగాడు.

శుక్రవారం షెడ్డుకు మొదట్లో ఎవరూ రాలేదు. తుపాకీ చూపిస్తే పోలీసులకు పట్టిస్తామని భయం. బుద్రు సంతలో తిరిగి, పగిలిన గొట్టం చూపిస్తూ చెప్పాడు. ముందు ఒకరు, తరువాత నలుగురు, తరువాత జి.మాడుగుల వైపు నుంచి రెండు రోజులు నడిచి వచ్చినవాళ్ళు. బాగున్న వాటిని శుభ్రం చేసి, నూనె రాసి ఇచ్చేవాళ్ళం. పనికిరాని వాటికి ఎందుకు పనికిరావో వేలు పెట్టించి చూపించేవాళ్ళం. తీసుకుపోతామంటే బలవంతం లేదు. కానీ చాలామంది ఇంటికి పట్టుకెళ్ళలేదు. లైసెన్సు మార్చుకోడానికి నన్నే వెంట రమ్మనేవారు.

ఒక్కటి మాత్రం దాచకూడదు. పాచిపెంట వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన తుపాకీలో సన్నటి బీట నా కంటపడలేదు. బాగుందని చెప్పి పంపేశాను. వారం తరువాత దాన్ని కాలిస్తే పేలి, ఆయన బొటనవేలు పోయింది. అప్పటి నుంచి నేను చూసిన ప్రతి తుపాకీనీ బుద్రు మళ్ళీ చూసేవాడు, అతను చూసింది నేను చూసేవాణ్ణి. ఎంత అనుభవం ఉన్నా ఒక్కడి కన్ను చాలదు. ముసలాయన్ని చూడ్డానికి వెళితే, నన్ను తిట్టలేదు. "సూసినోడివి నువ్వొక్కడివే కదా నాయినా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

నా కాఫీ

ఎనభైల మధ్యలో నా కళ్ళు మసకబారాయి. అప్పటికి మేజరుగారు లేరు. నా తరువాత ఎవరని కమిటీ అడిగితే బుద్రు పేరు చెప్పాను. చదువు లేదన్నారు. రిజిస్టరు రాయడానికి ఎవరైనా దొరుకుతారు, తుపాకీ చదవగలిగినవాడు దొరకడు అన్నాను. సరే, ఆరు నెలలు చూద్దామన్నారు.

ఆ ఆరు నెలల్లో ఒక ఆదివారం నేను వరండాలో కాఫీ తాగుతున్నాను. జీపు ఆగింది. కొత్తగా వచ్చిన యువ అధికారి దిగారు. చేతిలో పెద్ద రైఫిలు. పక్కనే నలుగురు బంట్రోతులు. అలాంటి మనిషికి కాదని చెప్పడం ఎంత కష్టమో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? గ్లాసు కింద పెట్టి లేచాను.

బుద్రు అప్పటికే ఆయన ఎదుట ఉన్నాడు. బెంచీ చూపించి కూర్చోబెట్టాడు. రైఫిలు తీసుకుని, బోల్టు తెరిచి, ఖాళీగా ఉందని ముందు తను చూసి, తరువాత ఆయనకు చూపించాడు.

"మంచి తుపాకీ బాబూ. మా రేంజి దీనికి సాల్దు," అన్నాడు. "రండి, సూపిత్తాను."

ఆయన్ని మట్టికట్ట దాకా నడిపించుకెళ్ళాడు. చేత్తో ఎత్తు కొలిచి చూపిస్తున్నాడు. గట్టు వైపు, అవతలి లోయ వైపు చూపిస్తున్నాడు. మాటలు నాకు వినబడలేదు. ఆ అధికారి తలూపడం, ఏదో అడగడం, మళ్ళీ తలూపడం కనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే రైఫిలును గుడ్డలో చుట్టి జీపులో పెట్టించారు.

"మరి నేను దేంతో కాల్చాలి?" అన్నారు నవ్వుతూ.

"క్లబ్బుది ఉన్నాది బాబూ. బేగి రండి, ఎండ ఎక్కితే కాగితం మెరిసిపోతాది."

నేను మళ్ళీ కూర్చున్నాను. కాఫీ ఇంకా వేడిగానే ఉంది. మొత్తం తాగేశాను.